శరణార్థుల సేవకు దంపతులను పంపే ముందు

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో శరణార్థుల మధ్య పరిచర్యకు వెళ్ళిన మిషనరీ దంపతుల గురించి పత్రికల్లో వచ్చే వార్తలకు దాదాపు ఎప్పుడూ ఒకే ఫొటో ఉంటుంది. భార్యాభర్తలు నవ్వుతూ నిలబడతారు, మధ్యలో ఒక పిల్లవాడు దుప్పటి పట్టుకుని ఉంటాడు. వాడి ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. వాడి తండ్రి ఏ ప్రభుత్వానికో, ఏ సాయుధ ముఠాకో భయపడి ఊరు విడిచిన మనిషి. అతని అన్నదమ్ములు ఇంకా అక్కడే ఉండి ఉండవచ్చు. ఫోన్లలో చేతులు మారే ఆ ఫొటో, కుటుంబం ఏ దేశంలో ఏ శిబిరంలో ఉందో వెతికేవాళ్ళకు చెప్పేస్తుంది. కాబట్టి మొదటి మనవి మీకే. దయచేసి శరణార్థుల ముఖాలు వేయకండి. గుడారం నంబరు, శిబిరం బోర్డు, చేతికి కట్టిన పట్టీ కూడా కనిపించకూడదు. పంపినవాళ్ళు అనుమతి తీసుకున్నామని చెప్పినా సరే. సరుకు ఇచ్చే మనిషి అడిగితే పుచ్చుకునే మనిషి కాదనలేడు. దాన్ని అనుమతి అనడం సబబు కాదు.

రెండో మనవి మీ పాఠకుల్లో ఉన్న సంఘ పెద్దలకు, వెళ్ళాలని ఆలోచిస్తున్న దంపతులకు. ఉత్తరం పొడవైంది. కత్తిరించక తప్పకపోతే పాలపొడి గురించి, బాప్తిస్మం పత్రం గురించి రాసినవి మాత్రం ఉంచండి.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు విడిచినవారు 12.32 కోట్ల మంది. అందులో శరణార్థులు 4.27 కోట్లు. అప్పటికి ఏడు కోట్లకు పైగా మనుషులు సరిహద్దు దాటకుండా సొంత దేశంలోనే నిర్వాసితులుగా ఉన్నారు. శరణార్థుల హోదాపై 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే ఐదు కారణాల్లో దేనివల్లనైనా హింసకు గురవుతామన్న సహేతుకమైన భయంతో దేశం దాటినవారు శరణార్థులు. అర్జీ పెట్టి తీర్పు కోసం ఎదురు చూస్తున్నవారు శరణు కోరేవారు. ఈ తేడా పుస్తకాలకే పరిమితమని కొందరనుకుంటారు. కానీ రెండు రకాల వారికి రెండు రకాల కార్డులు, వేర్వేరు వైద్య సదుపాయాలు, పని చేసుకునే హక్కులో తేడాలు ఉంటాయి. తేడా తెలియని వాలంటీరు ఒక అమ్మను తప్పు కౌంటరుకు పంపితే ఆమెకు రోజంతా పోతుంది. మళ్ళీ అపాయింట్‌మెంటు దొరకడానికి వారాలు పట్టవచ్చు.

ఇంకో అపోహ కూడా ఉంది. శరణార్థులంటే గుడారాలే కళ్ళ ముందుకు వస్తాయి. నిజానికి సగానికి పైగా పట్టణాల్లో, అద్దె గదుల్లో ఉంటారు. అక్కడ దుప్పట్ల పంపకం కన్నా ఆసుపత్రికి తోడు వెళ్ళడం, బడి దరఖాస్తు నింపడం, కరెంటు బిల్లు చదివి పెట్టడం, భాష నేర్పడం ఎక్కువ అక్కరకొస్తాయి. వయసు మళ్ళిన దంపతులకు ఇవి చక్కగా సరిపోతాయి. ఎవరూ ఫొటో తీయరు కాబట్టి కాబోలు, వీటికి ముందుకొచ్చేవాళ్ళు తక్కువ.

సిద్ధపాటు ఆరు నెలల ముందే మొదలు కావాలి. హెపటైటిస్-బి టీకా మామూలు వరుసలో మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు, మొత్తం మూడు డోసులు. పసుపు జ్వరం టీకా అవసరమైన దేశమైతే, టీకా వేసిన పది రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవారు ఈ టీకాను తొలిసారి వేయించుకుంటే తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు కొంత ఎక్కువ, డాక్టరుతో మాట్లాడకుండా తీసుకోవద్దు. మలేరియా ప్రాంతమైతే డాక్సీసైక్లిన్ ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. చాలామంది విమానం దిగగానే మానేస్తారు, జ్వరం ఇంటికొచ్చాక వస్తుంది. బీపీ, షుగరు మందులు అసలు పెట్టెల్లోనే, జెనెరిక్ పేరు రాసిన చీటీతో, చేతి సంచిలో ఉండాలి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు కొన్ని దేశాల్లో నిషిద్ధ మత్తు పదార్థాల కింద లెక్క. విమానాశ్రయంలో అరెస్టు దాకా పోతుంది. ఇన్సులిన్ వాడేవారు శిబిరం దగ్గర ఫ్రిజ్ ఉందా, కరెంటు రోజుకు ఎన్ని గంటలుంటుందో ముందే రాతపూర్వకంగా కనుక్కోవాలి. ప్రయాణ బీమాలో అత్యవసరంగా మరో దేశానికి తరలించే ఖర్చు ఉందో లేదో, యుద్ధ ప్రాంతాన్ని మినహాయించే షరతు ఉందో లేదో చూసుకోవాలి. సాధారణంగా ఆ షరతు ఉంటుంది.

అనుమతులు మూడు వేర్వేరు సంగతులు. దేశంలోకి వీసా ఒకటి. ఆ వీసా మీద జీతం లేని సేవైనా చేయవచ్చా అన్నది రెండోది. పర్యాటక వీసా మీద సేవ చేయడం చాలా దేశాల్లో నేరం. శిబిరం గేటు దాటడానికి అక్కడి అధికారుల పాసు మూడోది. మొదటిది చేతికొస్తే మిగతా రెండూ వచ్చినట్టే అనుకుని బయలుదేరినవారు గేటు బయట వారాల తరబడి కూర్చుంటారు. పోలీసు ధ్రువపత్రానికి కొన్ని నెలలే గడువు ఉంటుంది గనుక మరీ ముందుగా తీసుకున్నా లాభం లేదు. వెళ్ళాక దయతో చేసిన పని కూడా చట్టానికి తగలవచ్చు. నమోదు కాని మనిషిని కారులో ఎక్కించుకుని సరిహద్దు ఊరి నుంచి పట్టణానికి దించడం కొన్ని దేశాల్లో అక్రమ రవాణా కిందికి వస్తుంది. గ్రీస్‌లోని లెస్బోస్ దీవిలో 2018లో సహాయ వాలంటీర్లను అరెస్టు చేస్తే కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. ఎవరినైనా వాహనంలో తీసుకెళ్ళాల్సి వస్తే సంస్థ వాహనం, సంస్థ అనుమతి, లాగుబుక్కులో నమోదు ఉండాలి.

ఎంతకాలం అన్న ప్రశ్నకు మా అభిప్రాయం సూటిగా చెబుతాం. మూడు నెలలకు లోపైతే వెళ్ళకపోవడమే మేలు. మొదటి మూడు వారాలు దంపతులకు అన్నీ ఎవరో ఒకరు చూపించాలి, చివరి రెండు వారాలు అప్పగింతలకు పోతాయి. మధ్యలో మిగిలేది శిబిరం సిబ్బంది పెట్టిన సమయానికి చాలదు. ఆ టికెట్ల డబ్బు స్థానిక సంఘానికి పంపితే ఎక్కువ పని జరుగుతుంది.

దంపతులుగా వెళ్ళడంలో అసలు బలం ఎక్కడుందో కూడా చాలామంది గమనించరు. చాలా శరణార్థి సముదాయాల్లో పరాయి మగవాడితో ఆడవాళ్ళు మాట్లాడరు, ముఖ్యంగా ఆరోగ్యం గురించి, ఇంట్లో దెబ్బల గురించి. భార్య పాలిచ్చే తల్లుల గదిలో, ఆడవారి వరుసలో ఉంటే, భర్త మగవారి వరుసలోనో సామాన్ల గదిలోనో ఉంటే, ఒకే పూట రెండు తలుపులు తెరుచుకుంటాయి. కానీ ఎక్కువగా జరిగేది ఏమిటంటే ఇద్దరూ కలిసే తిరుగుతారు, ఆయన మాట్లాడతారు, ఆవిడ పక్కన నిలబడతారు. పంపే సంఘం ఇద్దరికీ విడివిడిగా పని పత్రం, విడివిడిగా పైవారు ఉండేలా ఒప్పందంలోనే రాయించాలి. ఒకరు జబ్బు పడితే రెండో వారి పని ఆగకూడదు.

ఇక పంపకం. చూడ్డానికి తేలిక, చెడితే మనుషులు తొక్కిసలాటలో పోతారు. 300 కుటుంబాలకు పరిశుభ్రత సామాను ఇవ్వాలనుకోండి. జాబితా శిబిరం నిర్వాహకుల దగ్గరిదే వాడాలి, సొంతంగా పేర్లు రాసుకోకూడదు. కుటుంబానికో టోకెను ముందురోజే ఇవ్వాలి. సంచిలో ఏమేమి ఎన్ని ఉంటాయో బొమ్మలతో బోర్డు మీద అదే రోజు పెట్టాలి. బోర్డు లేకపోతే సబ్బు ఒకటి తగ్గిందన్న పుకారు గంటలో గొడవవుతుంది. తాళ్ళతో వరుసలు కట్టాలి. లోపలికి దారి, బయటికి దారి వేర్వేరుగా ఉండాలి. ముసలివారికి, గర్భిణులకు, నడవలేనివారికి విడి వరుస, నీడ, తాగునీరు ఉండాలి. బయటికి వచ్చే చోట ఫిర్యాదుల బల్ల ఒకటి. సామాను ముందురోజు సాయంత్రం చేత్తో లెక్కపెట్టాలి, కాగితం మీది లెక్కను నమ్మకూడదు. 300కు 310 ఉంటే మొదలుపెట్టండి. 290 ఉంటే ఆ రోజు మొదలుపెట్టవద్దు, వాయిదా వేసి కారణం చెప్పండి. చివరి పది కుటుంబాలకు లేదని చెప్పే ఘడియలోనే అల్లరి పుడుతుంది. లారీ మీద నిలబడి విసరడం ఎన్నటికీ వద్దు, బలమున్నవాడికి నాలుగు అందుతాయి, బిడ్డను ఎత్తుకున్న తల్లికి ఏమీ అందదు. చీకటి పడక ముందే అందరూ గుడారాలకు చేరేలా ముగించాలి, ఎందుకంటే చీకట్లో సంచితో నడిచే ఆడవాళ్ళను దోచుకుంటారు.

సంచిలో ఎంత ఉండాలో కూడా ఊహతో వేయరాదు. విపత్తు సహాయంలో సంస్థలు పాటించే కనీస కొలతలైన స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి నెలకు స్నానం సబ్బు 250 గ్రాములు, బట్టల సబ్బు 200 గ్రాములు. ఐదుగురి ఇంటికి రెండూ కలిపి రెండుంపావు కిలోలు. కుటుంబానికి 10 నుంచి 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు. 20 లీటర్ల డబ్బా నిండితే 20 కిలోలు, ఒంటరి ముసలమ్మ మోయలేదు, ఆమెకు 10 లీటర్లవే ఇవ్వాలి. అందరికీ ఒకే రకం సబ్బు ఉండాలి. సగం మందికి ఒక కంపెనీది, సగం మందికి ఇంకో కంపెనీది వెళితే పక్షపాతం అన్న మాట పుడుతుంది.

పాత బట్టల గురించి రెండు ముక్కలు. సైజులు, ఆడ మగ, కాలం చూసి వేరుచేయని మూటలు పంపితే వాటిని విడదీయడానికే వాలంటీర్ల రోజులు పోతాయి. పనికిరానివి కాల్చడానికో పూడ్చడానికో శిబిరమే డబ్బు పెట్టాలి. లోదుస్తులు కొత్తవే ఇవ్వాలి. దగ్గర్లో బజారు పనిచేస్తుంటే బట్టలకు బదులు సంస్థ ద్వారా నగదు కూపన్లు ఇవ్వడం మంచిది.

పాలపొడి సంగతి మాత్రం నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో చేసే పొరపాట్లలో ప్రాణాలు తీసేది ఇదే. సంఘాలు అత్యంత ఉత్సాహంగా పోగుచేసేవి శిశువుల పాలపొడి డబ్బాలు, పాలసీసాలు. శిబిరంలో నీరు శుద్ధంగా ఉండదు, సీసా ఉడకబెట్టడానికి వంటచెరకు ఉండదు, డబ్బా మీద భాష తల్లికి రాదు. పొడి అయిపోతుందన్న భయంతో పలచగా కలుపుతుంది. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి, బరువు తగ్గుతుంది. ఈలోగా తల్లి పాలివ్వడం తగ్గించడంతో పాలు కూడా తగ్గిపోతాయి. డబ్బాలు ఆగిన రోజు ఆమెకు రెండూ లేవు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకంపై నియమావళిని ఆమోదించింది. విపత్తుల్లో పాలపొడి, సీసాలు, రబ్బరు పీకలు విరాళంగా అడగవద్దు, తీసుకోవద్దు అన్నది సహాయ సంస్థలు పాటించే నియమం. మరి తల్లిని పోగొట్టుకున్న బిడ్డ సంగతి? ఆరోగ్య కార్యకర్త ఒక్కొక్క బిడ్డనూ పరీక్షించి, అవసరమైన వారికి పొడితో పాటు శుద్ధ నీరు, కలిపే పద్ధతి, వారం వారం తూకం ఏర్పాటు చేస్తారు. సీసా కాదు, గిన్నెతో తాగిస్తారు, గిన్నెను కడగడం తేలిక. దంపతులు చేయదగింది పాలిచ్చే తల్లికి ఒక తెర, కూర్చునే చోటు, తాగడానికి నీళ్ళు, ఎక్కువ ఆహారం దక్కేలా చూడటం.

పోషణ లోపాన్ని పట్టిచ్చే, పిల్లల చేతి చుట్టుకొలత టేపు వాడటం నేర్చుకుంటే మేలు. 6 నుంచి 59 నెలల పిల్లలకు ఎడమ చేయి భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చేయి వదులుగా వేలాడుతుండగా చుట్టాలి. 115 మిల్లీమీటర్ల లోపు ఎరుపు, అంటే తీవ్రమైన పోషణ లోపం. 115 నుంచి 125 లోపు పసుపు, అంటే ఒక మోస్తరు లోపం. ఆపైన ఆకుపచ్చ. బిగించి చుడితే బాగున్న బిడ్డ కూడా పసుపులో పడతాడు, వదులుగా చుడితే చిక్కిపోయిన బిడ్డ ఆకుపచ్చలో కనిపిస్తాడు. ఎరుపు వస్తే ఆ రోజే పోషణ కేంద్రానికి తీసుకెళ్ళాలి. బిస్కెట్లు పెట్టి పంపేయడం వైద్యం కాదు.

నీటి విషయంలో 1994 గోమా గుర్తుండాలి. రువాండా నుంచి అప్పటి జైర్ (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం)లోని గోమాకు లక్షల మంది కొద్ది రోజుల్లో దాటారు. మొదటి నెలలోనే దాదాపు 50 వేల మంది పోయారు, ఎక్కువ మంది కలరాతో, రక్త విరేచనాలతో. అక్కడ సహాయ సంస్థలకు కొదవ లేదు, కొలతలకే కొదవ. ఆ అనుభవం తర్వాత 1997లో స్ఫియర్ ప్రమాణాల పని మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, ఒక కుళాయికి 250 మందికి మించకూడదు, నీటి కోసం అర కిలోమీటరు దాటి నడవకూడదు, వరుసలో అరగంట మించి నిలబడకూడదు, ఒక మరుగుదొడ్డికి 20 మంది, తలకు మూడున్నర చదరపు మీటర్ల కప్పున్న చోటు. దంపతులు ఇవన్నీ కట్టలేరు, కట్టాల్సిన పనీ లేదు. కానీ నడుస్తూ లెక్కపెట్టగలరు. ఏ కుళాయి దగ్గర వరుస గంట పట్టిందో, ఏ మరుగుదొడ్డికి లోపలి గొళ్ళెం లేదో, రాత్రి ఏ దారిలో దీపం లేదో వారం వారం రాసి నీటి విభాగానికి ఇస్తే అది నిజమైన సేవ.

క్లోరిన్ కలిపే పనిలో చేయి వేయమంటే పద్ధతి తెలిసుండాలి. 70 శాతం బలమున్న క్లోరిన్ పొడి 15 గ్రాములు లీటరు నీటిలో కలిపితే సుమారు ఒక శాతం ద్రావణం అవుతుంది. నాలుగు 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లలో శుద్ధి చేయాల్సిన ట్యాంకు నీరు పోసి, ఆ ద్రావణాన్ని ఒకదానికి 1 మిల్లీలీటరు, తర్వాత ఒకటిన్నర, 2, రెండున్నర చొప్పున వేయాలి. అరగంట ఆగి, మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే డీపీడీ మాత్ర వేసి గులాబీ రంగు చూడాలి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిన బకెట్ మోతాదే ట్యాంకుకు సరైన మోతాదు. ఇనుప బకెట్ అయితే క్లోరిన్‌ను అదే తినేస్తుంది. నీరు మురికిగా ఉంటే లెక్క తప్పుతుంది, ముందు తేర్చాలి. అన్నీ సరిగ్గా చేసినా, వెడల్పు మూతి బకెట్‌లో చేయి ముంచి నీళ్ళు తీసుకునే గుడారంలో సాయంత్రానికి క్లోరిన్ మిగలదు. అందుకే మూత బిగించే, సన్నని మూతి డబ్బాలు అడగాలి. విరేచనాలప్పుడు తాగించే ద్రావణం (ఓఆర్‌ఎస్) పొట్లాలు అందని చోట లీటరు శుద్ధ నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం, కలిపాక రుచి చూడాలి, కన్నీటి కన్నా ఉప్పగా ఉండకూడదు.

దరఖాస్తులు నింపడంలో ఒక చిన్న జాగ్రత్త పెద్ద కష్టాన్ని తప్పిస్తుంది. పేరును సరిదిద్దకండి. నమోదు కార్డు మీద అక్షరాలు తప్పుగా ఉన్నట్టు అనిపించినా అలాగే దించాలి. ఒక పత్రంలో మొహమ్మద్, ఇంకోదానిలో ముహమ్మద్ అని పడితే ఆ మనిషి ఇద్దరవుతాడు, ఫైలు నెలల తరబడి ఆగుతుంది. పుట్టినరోజు ఒకే శిబిరంలో వందల మందికి జనవరి 1 అని ఉంటుంది. తేదీ తెలియనివారికి అధికారులు వేసిన తేదీ అది, మోసం కాదు. పత్రాల ఫొటోలు సొంత ఫోనులో ఉంచుకోవడం, వాట్సాప్ గుంపులో జాబితాలు పెట్టడం కూడదు. ఆ ఫోను పోతే పోయేది ఫోను ఒక్కటే కాదు.

దుబాసీలుగా పిల్లలను వాడుకోవద్దు. తల్లి గర్భస్రావం గురించి పదేళ్ళ కూతురు తర్జుమా చేయాల్సి రావడం చాలా చోట్ల జరుగుతోంది. దుబాసీ ఏ తెగవాడో, ఏ పక్షంవాడో కూడా అడగాలి, ఎదుటి పక్షం మనిషి ముందు ఎవరూ నోరు విప్పరు. రెండేసి చిన్న వాక్యాలు మాట్లాడి ఆగాలి. కళ్ళు దుబాసీ వైపు కాదు, చెప్పే మనిషి వైపు ఉండాలి.

ఇప్పుడు సంఘాలకు నచ్చకపోవచ్చని తెలిసీ రాస్తున్న భాగం. రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థల 1994 ప్రవర్తనా నియమావళిలో మూడో సూత్రం, సహాయాన్ని ఏ రాజకీయ, మత దృక్పథాన్ని ముందుకు తీసుకెళ్ళడానికీ వాడకూడదంటుంది. మిషనరీ దంపతులకు ఇది విశ్వాసాన్ని దాచుకోమన్న ఆజ్ఞ కాదు. సరుకుకూ సువార్తకూ మధ్య గోడ కట్టమన్న ఆజ్ఞ. సంచుల్లో కరపత్రాలు పెట్టకూడదు. పంపకానికి ముందు ప్రార్థన చేయించకూడదు. ఆకలితో వరుసలో నిలబడ్డవాడు ఏ ప్రార్థనకైనా తల వంచుతాడు, దానికి విలువ లేదు. ఎవరైనా మనస్ఫూర్తిగా అడిగితే పంపకం లేని వేళ, వేరే చోట, ఆ దేశ చట్టం ఒప్పుకున్నంత మేరకు మాట్లాడవచ్చు. మతమార్పిడి నేరమైన దేశాల్లో దీని శిక్ష పడేది దంపతులకు కాదు. వాళ్ళు విమానం ఎక్కి వెళ్ళిపోతారు. అక్కడే ఉండే స్థానిక పాస్టరు, మారిన మనిషి, అతని బంధువులు అనుభవిస్తారు.

దీనికి ముడిపడిందే బాప్తిస్మం పత్రం. మతం కారణంగా శరణు కోరేవారి అర్జీలను ఎలా చూడాలో యూఎన్‌హెచ్‌సీఆర్ 2004లో మార్గదర్శకాలు ఇచ్చింది. దేశం విడిచాక మతం మారినవారి అర్జీల్లో మార్పు నిజమైనదా అని అధికారులు లోతుగా ప్రశ్నిస్తారు. అందువల్ల దంపతుల దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తారు. నిజంగా నమ్మినవారు, పత్రం కోసం వచ్చినవారు. ఎవరు ఎవరో తేల్చే అధికారం దంపతులకు లేదు, అలాగని వారంలో బాప్తిస్మం ఇచ్చి ఉత్తరం రాసివ్వడమూ తగదు. అలాంటి ఉత్తరాలు ఒకే చోటి నుంచి ఎక్కువగా వస్తే అధికారులు అన్నిటినీ అనుమానిస్తారు, నిజమైన విశ్వాసి అర్జీ కూడా దెబ్బతింటుంది. బాప్తిస్మం నిర్ణయం అక్కడ స్థిరంగా ఉండే స్థానిక సంఘానికి వదలాలి. పత్రం అడిగితే కళ్ళతో చూసింది మాత్రమే రాయాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎన్ని కూడికలకు వచ్చారో, ఏ పనిలో పాల్గొన్నారో అంతే. అర్జీలో ఏం చెప్పాలన్న సలహా అసలు ఇవ్వకూడదు. మంచి మనసుతో కథకు ఒక వాక్యం కలిపినా ఇంటర్వ్యూలో అదే పట్టుబడుతుంది, మిగతా నిజమంతా అబద్ధమై కూర్చుంటుంది. న్యాయ సహాయ సంస్థ చిరునామా ఇవ్వండి చాలు.

బాధలో ఉన్నవారి దగ్గర కూర్చోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన ప్రాథమిక మానసిక సహాయ పద్ధతి మూడు మాటల్లో ఉంది. చూడు, విను, సాయం దొరికే చోటుతో కలుపు. ఏమైందో చెప్పమని తవ్వకూడదు. ఇప్పుడు ఏం కావాలని అడగాలి. అంతా మంచే జరుగుతుందని, దేవుడు దీన్ని మేలు కోసమే చేశాడని అనకూడదు. బిడ్డను సముద్రంలో పోగొట్టుకున్న తల్లికి ఆ మాట రాయి లాంటిది. పిల్లలతో ఏ పనైనా ఇద్దరు పెద్దలు, తలుపు తెరిచి ఉన్న గది. ఐక్యరాజ్యసమితి 2003 నియమం ప్రకారం 18 ఏళ్ళ లోపువారితో లైంగిక సంబంధం ఎక్కడైనా నిషిద్ధం, అక్కడి చట్టం ఏ వయసు చెప్పినా సరే. సహాయానికి బదులుగా ఏ లైంగిక ప్రయోజనమైనా నిషిద్ధం. తోటి వాలంటీరు మీద అనుమానం వస్తే సొంతంగా విచారణ చేయకుండా అదే రోజు బాధ్యుడికి చెప్పాలి. సంఘం పరువు పోతుందని దాచినవారూ దోషులే. ఒక కుటుంబానికి చాటుగా డబ్బు ఇవ్వడం కూడా వద్దు. మర్నాటికి పక్క గుడారానికి తెలుస్తుంది, ఆ కుటుంబానికే ఇబ్బంది.

దంపతుల మధ్య సంగతి క్లుప్తంగా. వారంలో ఒక రోజు ఇద్దరికీ సెలవు, శిబిరం బయట. రాత్రి భోజనం దగ్గర శిబిరం కథలకు అరగంట గడువు పెట్టుకోవాలి. లేకపోతే ఇద్దరూ ఒకరి బరువు మరొకరి మీద వేసుకుంటూ నిద్ర పోగొట్టుకుంటారు. ఏ పరిస్థితి వస్తే తిరిగి వచ్చేస్తామో బయలుదేరక ముందే రాసుకుని సంఘానికి ఒక ప్రతి ఇవ్వాలి. అక్కడికి వెళ్ళాక ఒకరు ఉందామంటే ఇంకొకరు వెళ్దామంటారు, అలసటలో ఆ నిర్ణయం సరిగ్గా రాదు.

తిరిగి వచ్చే నెల ముందు నుంచి అప్పగింత మొదలు కావాలి. సామాన్ల గది నిల్వ లెక్క ఇద్దరు కలిసి చూసి సంతకం చేయాలి. తాళాలు, పాస్‌వర్డులు, దుబాసీల పని వేళలు, ఎవరి దరఖాస్తు ఏ కౌంటరులో ఏ దశలో ఉందో రాసిన కాగితం కొత్తగా వచ్చేవారి చేతికి కాక సంస్థ బాధ్యుడి చేతికి ఇవ్వాలి. కొత్తవారు రాకపోవచ్చు. వెళ్ళే తేదీ పిల్లలకు రెండు వారాల ముందే చెప్పాలి, మళ్ళీ వస్తామని మాట ఇవ్వకూడదు. వాళ్ళు ఇప్పటికే చాలామంది వెళ్ళిపోవడం చూసినవాళ్ళు.

సంపాదకుల వారూ, ఇకముందు తిరిగొచ్చిన దంపతుల గురించి మీ విలేకరి రాసేటప్పుడు ఎంతమందికి పంచారని కాక, పనిని ఎవరికి అప్పగించి వచ్చారని, అది ఇప్పుడు నడుస్తోందా అని అడగమని కోరుతున్నాం.

ఇట్లు,
శరణార్థుల సేవలో ఉన్న దంపతులు
(పేర్లు ప్రచురించవద్దని మనవి)